గూటి పెంకుల మీద పదకొండు నిమిషాలు

బ్రస్సెల్స్ నుంచి గనుల ఊరు బితోమ్‌కు గాలిలో గీత గీస్తే వెయ్యిన్నీ పాతిక కాదు, సరిగ్గా వెయ్యిన్నీ ముప్ఫై కిలోమీటర్లు. విమానానికి రెండు గంటలు కూడా పట్టదు. పావురానికి తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా పడుతుంది, అదీ దారిలో డేగ కన్ను పడకపోతే. ఈ లెక్క ఎవాల్డ్‌కు కంఠతా వచ్చు.

ముప్ఫై ఏళ్లు బొగ్గు గనిలో గడిపినవాడు. అందుకేనేమో, ఎగిరే వాటి మీద అంత మమకారం. కానీ ఊపిరితిత్తుల్లో బొగ్గు పొడి చాలదన్నట్టు పావురాల దుమ్ము కూడా చేరిందని, గూడు తీసెయ్యమని డాక్టరు చెప్పాడు. భార్య ట్రూడాతో పోట్లాడి పోట్లాడి ఒక ఒప్పందానికొచ్చాడు. బ్రస్సెల్స్ పందెంలో తన నీలిపెట్ట మొదట వస్తే గూడు ఉంటుంది. లేదంటే పావురాలన్నీ పక్కవీధిలో పందెం పావురాలు పెంచే రూఫిన్‌కు పోతాయి.

ఆ శనివారం తెల్లవారి ఐదున్నరకు బ్రస్సెల్స్‌లో పావురాలను వదిలారు. మధ్యాహ్నం ఇక్కడ, గనిలో తనతో పనిచేసిన గెరార్డ్‌ను సమాధి చేశారు. అంత్యక్రియల భోజనం నుంచి ఎవాల్డ్ లేచేసరికి ఏడు దాటింది. ఆయాసపడుతూ వచ్చి, బట్టలైనా మార్చకుండా గూటి ముందు నిలబడ్డాడు.

ఏడూ నలభై రెండుకు పెట్ట పడమటి నుంచి రాయిలా దిగి పెంకుల మీద వాలింది.

పెంకుల మీద వాలితే లెక్కలోకి రాదు. గూట్లోకి రావాలి. కాలి రబ్బరు కడియం తీసి పందెం గడియారంలో వేసి మీట నొక్కాలి. ఎవాల్డ్ గింజల డబ్బా గలగలలాడించాడు. ఈల వేశాడు. అది రెండడుగులు వెనక్కి వేసింది.

"దా తల్లీ, దా."

"ఏమయ్యా, ఏమైంది దానికి?" ట్రూడా కిటికీలోంచి అరిచింది.

"నోరు మూస్తావా కాసేపు!"

గోడవతల పొరుగింటి ముసలి పెలాగ్యా నవ్వింది. "రైల్లో టిక్కెట్లు అడిగేవాడిలా ఉన్నావు ఎవాల్డూ, అందుకేనా అంత భయపడుతోంది? అక్కడ రూఫిన్ ఇంట్లో సంబరంగా కేక వినబడింది మరి."

ఎవాల్డ్ మళ్లీ డబ్బా ఊపాడు. ఏడు నిమిషాలు. ఎనిమిది. ఈల వేయడానికి ఊపిరి చాలడం లేదు.

"ఏమయ్యా, నీ నెత్తి చూసుకున్నావా?" అంది ట్రూడా. "గద్ద కూర్చున్నట్టుంది!"

చెయ్యి పైకి పోయింది. గనివాళ్లు చావుకు పెట్టుకునే నల్ల ఈకల కుచ్చుటోపీ. ఒంటిమీద ఇత్తడి గుండీల నల్లకోటు. పుట్టిన నాటి నుంచి ఆ పెట్ట తనను బూడిదరంగు పనిబట్టల్లోనే చూసింది. టోపీ విసిరేశాడు. గుండీలు ఊడదీసే ఓపిక లేక కోటు తల మీదుగా లాగేశాడు. బనీనుతో నిలబడి డబ్బా ఊపాడు.

పెట్ట గూట్లోకి దిగింది. మీట నొక్కాడు. ఏడూ యాభై మూడు.

కాసేపటికి రూఫిన్ వచ్చాడు. రెండు గూళ్లకూ నడుమ మూడొందల అడుగులే. దూరంలో తేడా లేనట్టే.

"ఎంతకు నొక్కావు బావా?"

"యాభై మూడు. నీది?"

రూఫిన్ చూపు తిప్పుకున్నాడు. "నలభై తొమ్మిది." కింద పడున్న టోపీ చూశాడు. అతనూ గనివాడే, ఆ టోపీకే పెట్ట బెదిరిందని అర్థమైంది. "నాకొద్దు బావా నీ పావురాలు. పైయేడు చూసుకుందాం."

ఎవాల్డ్ కిటికీ వైపు చూశాడు. దగ్గు ఆగేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"రేపొచ్చి తీసుకెళ్లు. మిగతావి లేతవి, నీ గూటికి అలవాటు పడ్డాక ఇష్టం వచ్చినట్టు ఎగరెయ్. ఈ పెట్టను మాత్రం ఎన్నటికీ బయటికి వదలకు."

"ఏం?"

"ఇక్కడికే వస్తుంది," అన్నాడు ఎవాల్డ్.