పూజ చేసిన తుపాకీతో ఫొటో

నేను రాయడం ఆలస్యంగా మొదలుపెట్టాను. ఆడపిల్లకు బడెందుకని మా నాన్న నన్ను నాట్లకు పంపాడు. పెళ్ళయ్యాక ఆటోనగర్‌లో మా ఆయన లేతు షెడ్డు, అక్కడి పనివాళ్ళందరికీ వంట. ఆయన పోయాక, అరవై దాటి, అక్షరాలు దిద్దుకున్నాను.

కిందటి దసరాకు ఉత్సవాల మైదానంలో, అప్పడాల కొట్టుకూ జెయింట్ వీల్‌కూ మధ్య, సైన్యంలో చేరమంటూ ఒక గుడారం వేశారు. బల్ల మీద తుపాకీకి పసుపు, కుంకుమబొట్లు, బంతిపూల దండ. ఆ రోజు ఆయుధపూజ మరి. కానీ పూజ చేసిన పనిముట్టును ఆ రోజంతా ముట్టుకోరు. మా షెడ్డులో స్పానరు కూడా కదిలేది కాదు. వీళ్ళేమో దండ తీసి తుపాకీ చేతికివ్వడం, ఫొటో తీయడం, మళ్ళీ దండ వేయడం. పట్టుచీరావిడ ఒకరు దాన్ని చంటిపిల్లలా ఎత్తుకున్నారు. గురి మాత్రం మిర్చిబజ్జీల బండి మీదుంది.

నా మనవరాలు తల్లీతండ్రీ లేని పిల్ల, నేను పెంచిందే. ఫొటో దిగి, ఫారం కూడా నింపేసింది. పద్దెనిమిది నిండలేదు కాబట్టి నా సంతకం కావాలి.

యూనిఫాంలో ఉన్నాయన స్టాంపు ప్యాడ్ నా ముందుకు తోశాడు. "వేలిముద్రయినా పర్లేదు మామ్మగారూ."

"ముందు చదవనివ్వు నాయనా."

"అంతా మంచే రాశామండీ."

"మంచయితే ఇంత సన్నక్షరాలెందుకు?"

"ఈవిడ పరీక్ష రాస్తోందేంట్రా బాబూ!" అని వెనక ఎవరో నవ్వారు.

వేలు పెట్టి ఒక్కో మాటా చదివాను. ముందు పరుగు పరీక్ష, గ్రౌండు చుట్టూ నాలుగు చుట్లు. నాలుగేళ్ళ కొలువు. తర్వాత కొందరినే ఉంచుకుంటారు. అంతసేపు మోగిన మైకులో ఇవేవీ వినిపించలేదు.

"మిగతావాళ్ళు ఏం చేస్తారు?"

"బోలెడు అవకాశాలండీ."

"ఒకటి చెప్పు."

ఆయన మైకందుకుని తర్వాతివాళ్ళను పిలిచాడు. నేను ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆటోలో మనవరాలు మొహం తిప్పుకుని కూర్చుంది.

"నాలుగేళ్ళని నాకు తెలుసు అమ్మమ్మా. అయినా వెళ్తా. ఫొటో కోసం అనుకున్నావా?"

సంచిలోంచి ఫారం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"పరిగెత్తి చూపించు. అప్పుడు పెడతా," అన్నాను.

మర్నాడు తెల్లవారుజామున దాన్ని లేపి మునిసిపల్ గ్రౌండుకు తీసుకెళ్ళాను. మూడో చుట్టుకే నడుం పట్టుకుని ఆగింది. "ఇంకొకటుంది," అన్నాను. నన్ను తిట్టుకుంటూ నాలుగోదీ పరిగెత్తింది. అక్కడే సిమెంటు మెట్ల మీద కూర్చుని సంతకం పెట్టిచ్చాను.