ఒళ్ళో డిస్కు

తుర్కపల్లి నుంచి వస్తున్న బస్సులో హార్డ్ డిస్కును తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ల్యాబు ఫలితాలన్నీ అందులోనే ఉన్నాయి. డిస్కును కంప్యూటరుకు కలిపే కొత్త కంట్రోలర్ కార్డుకు డ్రైవరు ప్రోగ్రాము కలుపుతూ, కంప్యూటరును నడిపే లినక్స్ కెర్నెల్‌ను ఎన్నిసార్లు కంపైల్ చేసినా, మెషీను అసలు డిస్కే లేదంటోంది. నిద్రలేక కళ్ళు మండుతున్నాయి.

శామీర్‌పేట దగ్గర బస్సు గుంతలో ఎగిరిపడింది. పక్కసీట్లో బొల్లారానికి టికెట్ తీసుకున్న పెద్దావిడ చటుక్కున డిస్కును అదిమి పట్టుకుంది.

“ఏముంది బిడ్డా గిండ్ల?”

“ల్యాబు లెక్కలమ్మా. ఉన్నాయి గానీ, మెషీనుకు కనబడట్లేదు.”

“ఉన్నయంటే ఇగ పరేషానెందుకు? జెర కునుకు తియ్యి. నేను పట్టుకుంట.”

సికింద్రాబాద్‌లో మెలకువ వచ్చింది. డిస్కు ఆమె ఒళ్ళో భద్రంగా ఉంది. బొల్లారం ఎప్పుడో దాటిపోయింది.

“లేపబుద్ధి కాలే,” అని దాన్ని నా చేతికిచ్చి, తిరుగు బస్సు కోసం రోడ్డు దాటింది.

ఆ కంట్రోలర్ డ్రైవరు చివరికెలా కుదిరిందో ఇప్పుడు గుర్తులేదు.