జేజి దంచిన కరక్కాయలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మగ్గం చప్పుడుతోనే తెల్లారేది. నగరిలో మాది నేతగాళ్ళ వీధి. అమ్మ లేని ఇల్లు. మా నాయన పొద్దున్నే మగ్గం గుంటలో దిగితే అన్నం వేళ కూడా మరిచిపోయేవాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నూలు దొరకడమే గగనం, దొరికిన రోజు తిండి ధ్యాస ఎవరికుంటుంది? చివరికి కడుపు పాడైంది. ఏది తిన్నా నిలిచేది కాదు. మగ్గం ఆగిపోయింది.

ఆ తర్వాత రోకటి చప్పుడు మొదలైంది. మా జేజి, అంటే నాయన్ని కన్నతల్లి, కరక్కాయలు, తానికాయలు పగలగొట్టి, గింజలు ఏరేసి, ఎండు ఉసిరి పెచ్చులతో కలిపి వాకిట్లో రోట్లో దంచేది. పాత పంచె గుడ్డలో జల్లించి, మిగిలిన పిప్పిని మళ్ళీ దంచేది. అరగని కడుపుకు త్రిఫల చూర్ణం అమృతమని మా వీధంతా నమ్మేది. నేనూ నమ్మాను. గోరువెచ్చని నీళ్ళలో కలిపి ఇస్తే నాయన కళ్ళు మూసుకుని తాగేవాడు, కాసేపటికే కక్కేసేవాడు. తిరుపతి నుంచి వచ్చిన వైద్యుడు నాడి చూసి, ఇక ఏ మందూ పనిచేయదని వాకిట్లో జేజికి మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు జేజి మళ్ళీ రోకలి ఎత్తింది. నాకు ఒళ్ళు మండింది.

"నాయన కడుపులో నిలవదు గదా జేజీ, ఇంకా దంచేది యెందుకు?" అన్నాను.

"నిలవదని నాకు తెలీదా మే? ఈ సప్పుడు ఆగిపోతే మీ నాయనకు తెలిసిపోతాది" అంది, నా వైపు చూడకుండా.

లోపలికి వెళ్ళాను. మందు వద్దని జేజికి చెప్పేదా అని నాయన్ని అడిగాను.

"వద్దు పాపా. మీ జేజిని దంచనీ. ఆపిందంటే ఆమెకు తెలిసిపోతాది" అన్నాడు.

ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ తెలుసన్న సంగతి మాత్రం నాకొక్కదానికే తెలుసు. అంత బరువు ఆ వయసులో ఎలా మోశానో గానీ, ఎవరితోనూ అనలేదు.

ఒకనాటి పొద్దున నీళ్ళు తాగిద్దామని పిలిస్తే నాయన పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. వాకిట్లో జేజి దంచుతూనే ఉంది. చెప్పాలని బయటికి వచ్చాను. రెండు చేతులా రోకలి పట్టుకుని ఆపేశాను. జేజి రోట్లో పొడినే చూస్తూ అక్కడే కూలబడింది.

ఇప్పుడా చూర్ణం డబ్బాల్లో దొరుకుతోంది. కోడలు తెచ్చిపెడుతుంది, తాగుతాను, చక్కగా అరుగుతుంది. అరిగినందుకు కూడా ఒక్కోసారి కోపం వస్తుంది. మంచాన పడ్డవాళ్ళను చూడబోయినప్పుడు, అక్కడెవరైనా పనిచేయని మందు కలుపుతూ కనిపిస్తే, ఎందుకని అడగను. పక్కన కూర్చుని చెంచా అందిస్తాను.