మాస్టారి మీటరు

మీటరు అనే కొలతను ప్రపంచం ఎక్కడో భద్రంగా దాచిపెట్టుకుందని చదువుకున్నవాళ్లు అంటారు. మాస్టారి లెక్కలో అది ఆయన రెండు కాళ్ల మధ్యే ఉంది. సైన్యంలో చేరిన కొత్తలో ఒక అధికారి నేలమీద టేపు పరిచి, ఆయన్ని నడిపించి, "నీ అంగ సరిగ్గా మీటరురా!" అన్నాడు. ఆ అధికారి తర్వాత ఇంకా చాలా మాటలు అన్నాడు గానీ మాస్టారు గుర్తుపెట్టుకున్నది ఇదొక్కటే.

ఉద్యోగ విరమణ అయ్యాక గోదాముల వెనక ఖాళీ స్థలంలో, పోలీసు, సైన్యం ఉద్యోగాల పరుగు పరీక్షలకు వెళ్లేవాళ్లకి తర్ఫీదు ఇవ్వడం మొదలుపెట్టాడు. గోడ పక్కన సున్నంతో గీత గీశాడు. అక్కణ్నించి రెండు వందల అంగలు వేసి, ఆగినచోట నాలుగిటుకలు పాతి, వాటిమీద ఒక ఖాళీ తారు డ్రమ్ము నిలబెట్టాడు. డ్రమ్మును చుట్టి వస్తే నాలుగు వందల మీటర్లు. అలా నాలుగు చుట్లు పరీక్షలో పరిగెత్తాల్సిన దూరం. టేపుతో ఒకసారి కొలుద్దామని ఎవరైనా అంటే, కన్నతల్లిని గుర్తింపు కార్డు అడిగినవాణ్ని చూసినట్టు చూసేవాడు.

ఏటా వానలకి డ్రమ్ము దొర్లిపోయేది, గడ్డి మోకాళ్లెత్తు పెరిగి ఇటుకల్ని కప్పేసేది. వానలు వెలిశాక మాస్టారు మళ్లీ అంగలు వేసి డ్రమ్ము ప్రతిష్ఠించేవాడు. ఆ తతంగం జరుగుతున్నంతసేపూ శిష్యులు వరుసలో నిలబడి మౌనం పాటించాలి. ఎవరైనా దగ్గారంటే లెక్క మళ్లీ ఒకటి నుంచి.

ఎనిమిదేళ్ల కిందట మెట్లమీద జారి ఆయన కుడి మోకాలు దెబ్బతింది. "నడకలో కాస్త తేడా రావచ్చు" అన్నాడు డాక్టరు. మాస్టారు ఆ మాటను కుర్రడాక్టరు అనుభవలేమి కింద జమకట్టేశాడు. ఆ తర్వాత రెండు వింతలు జరిగాయి. శిష్యుల టైమింగులు మెరుగుపడ్డాయి. రెండోది, ఆయన భార్య ఒకరోజు కూరగాయల సంచితో పక్కన నడుస్తూ, "పెళ్లయిన కొత్తలో మీ వెనక పరుగులు పెట్టేదాన్నండీ. ఈమధ్య చక్కగా మీతో కలిసి నడవగలుగుతున్నా" అంది. రెండింటికీ కారణం తన శిక్షణేనని మాస్టారు వినయంగా ఒప్పుకున్నాడు.

మూడో వింత కూడా ఉంది గానీ ఆయన దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అసలు పరీక్షలో మూడు సెకన్లకి, ఐదు సెకన్లకి తప్పేవాళ్లు ఎక్కువయ్యారు. "అక్కడ దూరం ఎక్కువుంది మాస్టారూ" అని వాళ్లు మొత్తుకుంటే, "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే! ముందురోజు సరిగ్గా నిద్రపోయుండవు" అనేవాడు. నెగ్గినవాళ్ల ఫోటోలు యూనిఫాంలతో సహా ఆయన ముందుగది గోడనిండా ఉన్నాయి. తప్పినవాళ్లకి గోడ లేదు.

టైలరమ్మ నిరుడు చేరింది. గోదాముల మలుపులో బట్టలు కుట్టే షాపులో ఆమె పని. భర్త తాపీమేస్త్రీ. కొత్తగా ఎంపికైన కానిస్టేబుళ్ల ప్యాంట్లకి అంచులు కుట్టీ కుట్టీ, ఆ ప్యాంట్లలో ఒకటి తనకీ కావాలనుకుంది. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం. పిల్లని అత్తగారికి అప్పజెప్పి తెల్లవారకముందే గీత దగ్గరికి వచ్చేది. ఎనిమిది నిమిషాల్లో ముగించాల్సిన పరుగుని పదిన్నర నిమిషాలతో మొదలుపెట్టి, ఏడు నిమిషాల యాభై అయిదు సెకన్లకి తెచ్చింది.

"ఐదు సెకన్లు చేతిలో ఉన్నాయి కదమ్మా! ఇంక హాయిగా నిద్రపో" అని పంపించాడు మాస్టారు.

పరీక్షలో ఎనిమిది నిమిషాల నాలుగు సెకన్లు పట్టింది.

మూడోరోజు పొద్దున, శిష్యులంతా వెళ్లిపోయాక, టైలరమ్మ వచ్చింది. చేతిలో మేస్త్రీ ముప్ఫై మీటర్ల టేపు.

"నిద్ర..." అని మొదలుపెట్టాడు మాస్టారు.

"పోయాను మాస్టారూ. తొమ్మిదింటికే పడుకున్నా. ఆఖరి చుట్టులో ఎక్కడ ఊపిరి బిగించి లాగాలో నా కాళ్లకి తెలుసు. లాగాను. ఊపిరంతా అయిపోయింది. గీత మాత్రం ఇంకా ముందుంది. మీరీ కొస పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు. ఎందుకు కాదనలేకపోయాడో ఆయనకే తెలియదు. ఆరుసార్లు టేపు పరిచారు. ఏడోసారి ఇరవై మీటర్ల గుర్తు డ్రమ్ము దాటి నాలుగు మీటర్ల అవతల గడ్డిలో పడింది. టైలరమ్మ వంగి గడ్డి పీకింది. కింద నాలుగిటుకలు.

"ఇవేంటి మాస్టారూ?"

ఎవరో పడేసినవి అనొచ్చు. ఆమె నమ్మేది కూడా. మాస్టారు వంగి ఒక ఇటుకమీది మట్టి తుడిచాడు.

"నేను పాతినవే. మొదటి ఏడాది. మూడేళ్ల కిందట గడ్డి కోస్తుంటే కనబడ్డాయి. నా అంగలు ఇక్కడిదాకా రాలేదు కదా... వానకి ఇటుకలే జరిగాయనుకున్నా."

"పాతిపెట్టిన ఇటుకలు నడుస్తాయా మాస్టారూ?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాణ్ని గురించి మాస్టారు శిష్యులకి ఎన్నోసార్లు చెప్పి నవ్వించాడు. ఇప్పుడు నవ్వు రాలేదు. టేపు పక్కన పది అంగలు వేసి చూపించమంది టైలరమ్మ. వేశాడు. తొమ్మిది మీటర్ల ఎనభై. అంగకి బొటనవేలి వెడల్పంత తరుగు. నాలుగు చుట్లకి ముప్ఫై రెండు మీటర్లు.

"ఎవరికైనా చెప్తాను. ఆ పరీక్ష పెట్టినవాళ్ల ఆఫీసుకి వెళ్లి..." అన్నాడు మాస్టారు.

"ఏమని చెప్తారు? వాళ్ల గ్రౌండు సరిగ్గానే ఉందనా?" ఆమె చీర కొంగుతో చేతుల మట్టి తుడుచుకుంది. "టేపు ఉంచుకోండి. మిగతావాళ్లకైనా పనికొస్తుంది. నేను పదింటికి నాలుగు ప్యాంట్లు ఇవ్వాలి."

తిట్టి ఉంటే బావుండేది. ఆమె వెళ్లిపోయింది, మామూలు నడకతోనే.

ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"మీ నడక తగ్గిందని నేనెప్పుడో చెప్పానుగా."

"తగ్గిందనలేదే. కలిసి నడవగలుగుతున్నానన్నావు."

"రెండూ ఒకటే కదండీ." ఆవిడ మంచినీళ్ల గ్లాసు అందించింది. "నేనింకా, నాకోసమే మెల్లగా నడుస్తున్నారనుకున్నాను."

ముందుగదిలో ఫోటోలన్నీ ఆయనకేసే చూస్తున్నాయి. ఆయనకి మాత్రం ఆ గోడమీద లేనివాళ్ల మొహాలే ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. కొందరి పేర్లు గుర్తురాలేదు. మూడు సెకన్లు, ఐదు సెకన్లు, అవి మాత్రం గుర్తున్నాయి.

మర్నాడు డ్రమ్ము ఇటుకలమీదికి చేరింది. పరిగెత్తి వచ్చినవాడొకడు స్టాప్‌వాచ్ చూసి గుండెలు బాదుకున్నాడు. "తొమ్మిది సెకన్లు ఎక్కువొచ్చింది మాస్టారూ! రాత్రి నిద్రపోలేదు, అందుకే."

"కాదురా. నువ్వు బాగానే పరిగెత్తావు" అన్నాడు మాస్టారు. "ఇన్నేళ్లూ నేనే తక్కువ కొలిచాను."

అందరూ వరుసలో నిలబడిపోయారు. ఎవరో దగ్గారు. ఆయన పట్టించుకోలేదు.

టేపు ఇంకా ఆయన దగ్గరే ఉంది. వారం దాటింది, తిరిగి ఇచ్చెయ్యాలి. షాపు మలుపు దాకా రోజూ వెళ్లి, తలుపులోంచి కుట్టుమిషను చప్పుడు వినబడగానే వెనక్కి తిరుగుతున్నాడు. సున్నం గీత దగ్గర్నించి ఆ మలుపుకి ఎన్ని అంగలో ఆయనకి ఒకప్పుడు తెలుసు.