అందులో ఏటుందల్లుడా

ఇస్త్రీ మామ పోయేడన్న కబురు మా ఆవిడ తెచ్చింది. పొద్దున్నే పాలపేకెట్ల కోసం వీధి చివరికెళ్లి, పేకెట్లు లేకుండానే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. "మీ మామ తెల్లారగట్ల పోయేడంటండి. దగ్గు తెరిపివ్వలేదంట," అంది. నేను పేపరు మడిచి చెప్పులేసుకున్నాను. వాళ్లిల్లు మాకు నాలుగిళ్ల అవతల. ఆ కాస్త దూరం నడిచేలోపే ఒక ప్రశ్న గొంతుకి అడ్డం పడింది. అదేటో చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

మామంటే చుట్టరికం మామ కాదు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి దగ్గర్లో మా వీధి. మా మేడ సన్‌షేడు కింద పద్నాలుగేళ్లు ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను బస్సు కండక్టరు పని చేసి రిటైరయ్యేను. డ్యూటీకి వేసుకునే ఖాకీ చొక్కా రోజూ ఆయన చేతి మీంచే వెళ్లేది. మొదటిరోజే నన్ను అల్లుడా అన్నాడు, నేను మామా అన్నాను. వీధి వరసలు అలాగే కుదురుతాయి.

అడగడం ఆయనకొక జబ్బని నేననుకునేవాణ్ణి. చొక్కా ఇస్తే "ఇదేటి గుడ్డ?" అనేవాడు. మనకేం తెలుసు? "చొక్కా మామా, చొక్కా," అనేవాణ్ణి విసుక్కుంటూ. ఆయన దాని లోపలి అంచు వేళ్లతో నలిపి, కాలరు వెనక చీటీ చూసి, బొగ్గుల పెట్టెని ఓ మూలకి అలా తాకించి, అప్పుడుగాని పని మొదలెట్టేవాడు కాదు. "నా సేతిలో ఉన్నది నిప్పల్లుడా. ఎదరున్నదేటో తెలీకండా ఎలగెడతాను?" అనేవాడు. పద్నాలుగేళ్లలో ఒక్క బట్ట కాల్చలేదు. మా ఆవిడ పెళ్లి పట్టుచీరని నేను ఇంట్లో కరెంటు పెట్టెతో కాల్చేను గాని, అది వేరే కథ.

బట్టలతో ఆగితే బాగుణ్ణు. చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్లు యూనిఫారాలు ఇస్త్రీకి తెస్తే, జేబు మీద బొమ్మ చూసి "మీ కంపెనీలో ఏటి తయారవుద్ది?" అని మొదలెట్టేవాడు. మందులని చెబితే "ఏ జబ్బుకి?" "దేంతో సేత్తారు?" "ఆ నీళ్లు ఎటెళ్తాయి?" అని ఒకదాని మీదొకటి అడిగేవాడు. పాపం, కొందరు కుర్రాళ్లు చొక్కా అక్కడ పడేసి పారిపోయేవారు. ఆదివారాలు బండి తీసేవాడు కాదు. నన్ను వెంటేసుకుని బైపాసు రోడ్డు పక్క టీకొట్టుకి నడిపించేవాడు. టీ కోసం కాదు. అక్కడాగే ట్యాంకర్లని చూడ్డానికి. వెనకున్న నారింజరంగు పలక మీద సరుకుని బట్టి వేసే అంకెలు అగ్గిపెట్టె మీద రాసుకుని, డ్రైవరు దగ్గరకెళ్లి "ఏటి తీసుకెళ్తన్నావు బాబూ?" అని మర్యాదగా అడిగేవాడు. ఒకసారి ఒక డ్రైవరు నవ్వి, "యాసిడో గీసిడో, నాకేటి తెలుసు తాతా, నేను నడుపుతానంతే," అన్నాడు. తిరుగుదారంతా మామ ఆ అంకెలే చూసుకుంటూ నడిచేడు. ఇంటిదగ్గరకొచ్చేక అన్నాడు: "మోసేవోడికే తెలీపోతే ఇంకెవుడికి తెలుత్తాదల్లుడా?"

ఐదో తరగతి చదివిన మనిషి. ఆ అంకెలు తీసుకెళ్లి మా వీధిలో అద్దెకుండే ఒకమ్మాయికి చూపించేవాడు. ఆ పిల్ల కంపెనీ ల్యాబులో పని చేసేది. ఆమె తెల్లకోటు ఈయనే ఇస్త్రీ చేసేవాడు. ఆ పిల్ల ఫోనులో చూసి, ఇది ఫలానా, దీన్ని తాకితే ఒళ్లు కాలుతుంది, దీని గాలి పీలిస్తే ప్రమాదం అని చెప్పేది. ఈయన తలూపుతూ వినేవాడు. పండగ పూట కొత్త వంట రుచి చూసినంత సంబరం ఆ మొహంలో.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

మా కింది వాటా ఖాళీగా ఉంటే, మార్కెట్టు తాలూకు ఒకాయన వచ్చి సరుకు పెట్టుకోవడానికి అద్దెకి అడిగేడు. అద్దె బాగానే ఇస్తానన్నాడు. నేను సరేనన్నాను. ఇరవై దాకా ఇనప డ్రమ్ములు దింపేడు. ఏం సరుకని నేనడగలేదు. ఏదో బెల్లం పౌడరని ఆయనే అన్నాడు. బస్సులో ఎవరి సంచిలోనైనా కిరసనాయిలు వాసనొస్తే దారి మధ్యలో దింపేసిన కండక్టర్ని నేను. నా ఇంట్లోకొచ్చిన డ్రమ్ముల్ని మాత్రం చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అద్దె చేతిలో పడితే ముక్కు కూడా పనిచెయ్యదు.

మర్నాడే మామ మొదలెట్టేడు. "అందులో ఏటుందల్లుడా?"

"బెల్లం పౌడరు మామా."

"బెల్లానికి మంట బొమ్మ ఎందుకు?"

డ్రమ్ములన్నిటికీ కాగితాలు గీకేసున్నాయి. ఒక్కదానికి మాత్రం సగం మిగిలింది. దాని మీద ఎర్రగీతల గడిలో మంట బొమ్మ. నేను చూడలేదు, సరుకు దింపుతుంటే బండి దగ్గర్నించి ఆయన చూసేడు. రెండోరోజూ అడిగేడు, మూడోరోజూ అడిగేడు. వారం తిరక్కుండా ఆ సగం కాగితం మీది అక్షరాలు రాసుకెళ్లి, తెల్లకోటు అమ్మాయిని అడిగి తెలుసుకునొచ్చేడు. అది హైడ్రోస్. బెల్లాన్ని తెల్లగా మెరిపించడానికి కొందరు పాకంలో కలిపే మందు. తడి తగిలితే దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. దాని పొగ పీలిస్తే ఊపిరాడదు. కంగారుపడి బకెట్టుతో నీళ్లు పోస్తే ఇంకా రేగుతుంది. పొడి ఇసుక కావాలి. మామ నల్లబెల్లమే ఎందుకు కొనుక్కుంటాడో నాకు ఆరోజు తెలిసింది.

"మనకి రెండిళ్ల అవతల అంగన్‌వాడీ ఉన్నాదల్లుడా. ఆ మనిషిని లైసెన్సు కాగితం ఉందేటని అడుగు," అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నా ఇల్లు, నా ఇష్టం. నీకేం పని? బట్టలు చూసుకో," అన్నాను. వీధిలో పది మంది వింటుండగా అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది.

మామ పెట్టెలో బొగ్గులు ఆర్పి, బండి తోసుకుని వీధి చివరికెళ్లిపోయేడు. అక్కడ నీడ లేదు, గిరాకీ లేదు. ఎందుకెళ్లేవంటే అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పేడట, "నా దగ్గర నిప్పుంది, ఆడి దగ్గర మందుంది, రెండూ పక్కపక్కనుంటే ఎలగ?" అని. బండి కింద రెండు ఇసుక బస్తాలు పెట్టి పైన ప్లాస్టిక్ పట్టా కప్పేడు. వీధంతా నవ్వింది. ఇల్లు కడతన్నావేటని వేళాకోళం చేసినవాళ్లలో నేనే ముందు.

"అడిగితే పోయేది సిగ్గొక్కటే. అడక్కపోతే ఏటి పోతాదో ఎవుడికీ తెలీదు." ఆ రోజుల్లో ఆయనన్న మాటిది. నాతో కాదు, మా ఆవిడతో అన్నాడు. నాతో మాటలు లేవు కదా.

ఆ ఏడు తుఫాను వాన మూడ్రోజులు వదల్లేదు. మూడోరోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. మా ఆవిడ "ఎవరో అగ్గిపుల్లలు గీస్తున్నట్టు వాసనొస్తోందండి," అంది. కిందకి దిగితే కింది వాటా తలుపు సందుల్లోంచి తెల్లటి పొగ. వీధి నీళ్లు గడప దాటి లోపలికెళ్లేయి. ఎవరైనా ఏం చేస్తారు? నేనూ అదే చేసేను. మామ చెప్పిందంతా మర్చిపోయి బకెట్టు నింపుకుని పరిగెత్తేను. తలుపు దాకా వెళ్లేసరికి వెనకనించి ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. బకెట్టు కిందపడింది.

"నీళ్లొద్దు. ముందు పిల్లల్ని తీయాల. నువ్వు ఫయరోళ్లకి ఫోను సెయ్," అన్నాడు మామ. తువ్వాలు మూతికి కట్టుకుని అంగన్‌వాడీ వైపు పరిగెత్తేడు. దానికి ఉన్నది ఒకటే దారి, మా గుమ్మం ముందునించే. చంకకొకర్ని, చేతికొకర్ని పట్టుకుని పొగలోంచి వచ్చేడు, మళ్లీ వెళ్లేడు, మళ్లీ వచ్చేడు. టీచరమ్మ మిగతా పిల్లల్ని ఆయన వెనకే నడిపించింది. గాలి ఎటు కొడుతోందో చూసి వీధిలోవాళ్లందర్నీ ఎదురుగాలి వైపుకి మళ్లించింది కూడా ఆయనే.

ఫైరింజను వచ్చింది. ఆఫీసరు దిగుతూనే అడిగిన మొదటి మాట, "లోపల ఏముంది? ఇంటి యజమాని ఎవరు?"

యజమాని నేనే. సరుకాయన్నే చెప్పమందామని ఫోను కొడితే స్విచాఫ్. అందరూ నాకేసి చూస్తున్నారు. అప్పుడు మామ దగ్గుతూ ముందుకొచ్చి, "హైడ్రోస్ బాబూ. ఇరవై డ్రమ్ములు. తలుపుకి ఎడంపక్కవి తడిసుంటాయి, కుడిపక్కవి ఇటికల మీదున్నాయి," అని చెప్పేడు. వాళ్లు మాస్కులు పెట్టుకుని లోపలికెళ్లేరు. పొడి ఇసుక కావాలన్నారు. మూడ్రోజుల వానలో ఊళ్లో పొడి ఇసుక ఎక్కడ దొరుకుతుంది? ఆ బండి కింద దొరికింది. ఆ రోజుకి ఎవరికీ ఏమీ కాలేదు. రెండు డ్రమ్ములు పోయేయి, మా కింది వాటా గోడలు మాడిపోయేయి. తర్వాత నేను పోలీసు స్టేషను చుట్టూ తిరిగేను, తిరగాలి కూడా.

నెల పోయేక నేనే వెళ్లి, "మామా, నీ చోటుకి వచ్చీ," అన్నాను. ఆయన "ఇప్పుడు లోపల ఏటుంది?" అన్నాడు. ఏమీ లేదన్నాను. "సూపించు," అన్నాడు. తాళం తీయించి, గదులన్నీ తిరిగి, అటకమీద కూడా చూసి, అప్పుడు బండి తెచ్చేడు. నాకు నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చేయి. ఆ సాయంత్రం "అప్పుడే ఫైరాఫీసుకి నా మీద కాగితం ఎందుకు పెట్టలేదు మామా?" అనడిగేను. "రాయించేనల్లుడా. జేబులోనే ఉండిపోయింది. నీ మీదకి వత్తాదని, నువ్వే అడుగుతావని సూసేను. అది నా తప్పు. పిల్లలుండగా అలగ సూడకూడదు," అన్నాడు. ఆయన తప్పు ఒప్పుకున్నంత తేలిగ్గా నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

ఆ తర్వాతే దగ్గు మొదలైంది. ముందు అప్పుడప్పుడు, తర్వాత మెట్లెక్కితే, తర్వాత ఊరికే కూర్చున్నా. బొగ్గుల పొగ అనేవాడు. నేను అలాగే అనుకున్నాను. అలాగే అనుకోవాలనుకున్నాను అంటే నిజం. రెండేళ్లు పక్కనే కూర్చుని టీ తాగేను గాని, ఆ రోజు పీల్చిన పొగ వల్లేనా మామా అని ఒక్కసారి అడగలేదు. నా డ్రమ్ములే ఆయన్ని తినేసేయా? ఆయన పోయిన పొద్దున్న గొంతులో అడ్డం పడింది ఈ ప్రశ్నే.

పదకొండో రోజు అయ్యేక అత్త దగ్గరికెళ్లేను. మామ భార్య నాకు అత్తే కదా. వాకిట్లో పీట మీద కూర్చునుంది. ఏవేవో మాటలు మాటాడేను, వానల గురించి, గ్యాసు బండ గురించి. లేచి వచ్చేద్దామనుకుని కూడా, మళ్లీ కూర్చుని అడిగేసేను.

అత్త పీట నాకేసి జరుపుకుంది. "పెద్దాసుపత్రిలో ఆయనా ఇదే అడిగేడు నాయనా. ఊపిరితిత్తులు బొగ్గు పొగకి ఎప్పుడో సగం పోయేయంట. ఆ రోజు పీల్చింది మిగతాదాన్ని పాడుసేసిందంట. ఆ పొగ లేపోతే ఇంకొన్నేళ్లు ఉందువని డాక్టరు సెప్పేడు," అంది.

"నాతో ఎవరూ అనలేదేటత్తా?"

"నీకు సెప్పొద్దన్నాడు. ఆడు అడక్కపోతే ఎత్తొద్దు, అడిగితే మాత్రం ఏదీ దాయకు, మొత్తం సెప్పీమన్నాడు. అడుగుతాడు సూడు అన్నాడు."

అక్కడే, ఆ వాకిట్లోనే, పెద్దవాణ్ణన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేను. అత్త ఆపలేదు. కాసేపయ్యేక లోపలికెళ్లి ఒక దుప్పటి మూట తెచ్చి నా ముందు పెట్టింది. ఆఖరి వారం ఆయన ఇస్త్రీ చేసి పెట్టిన బట్టలు. ఏ ఇంటివి ఏవో ఎక్కడా రాసుకోలేదు, అంతా ఆయన తలలోనే ఉండేది. "ఇయి ఎవరియో నీకేటైనా తెలుసా నాయనా?" అంది.

నాకు తెలీదు. మూట భుజాన వేసుకుని మా వీధి మొదటింటి నుంచి మొదలెట్టేను. ప్రతి తలుపూ కొట్టి, ఒక్కొక్క మడత విప్పి చూపించి, "ఇది మీదేనా అమ్మా?" అని అడుగుతూ వెళ్లేను. కొందరు లోపలికి రమ్మన్నారు, కొందరు బట్ట చేతిలోకి తీసుకుని మడత మీద చెయ్యేసి నిమిరేరు. చీకటి పడేవేళకి మూటలో ఒక్కటే మిగిలింది. నాలుగేళ్ల పిల్ల వేసుకునే పసుపుపచ్చ గౌను, మెడ చుట్టూ తెల్ల లేసు, మడత నలగలేదు. మా వీధిలో ఎవరూ మాది కాదన్నారు. రేపు పక్కవీధిలో అడుగుతాను.