పెద్దమ్మ ఇచ్చిన ఖాళీ గిన్నె

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. మొన్న మంగళవారం పొద్దున్నే ఆమె కోడలు గోడ అవతల నుంచి "అమ్మగారూ, అత్తయ్య లేవట్లేదండీ" అని కేకేసింది. నేనూ మావారూ పరుగెత్తాం. అప్పటికే అయిపోయింది. ఆదివారం ఆరాధనలో మావారు మైకు ముందు నిలబడి, ప్రభువు పిలవగానే పెద్దమ్మ వెళ్ళిపోయిందన్నారు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. పిలవగానే వెళ్ళే మనిషా ఆమె? చేతిలో ఏదో ఒకటి లేకుండా ఎవరి గుమ్మమూ తొక్కి ఎరగదు.

మావారు ప్రత్తిపాడు దగ్గర ఈ ఊళ్ళో పాస్టరు. సంఘమంతా నన్ను అమ్మగారంటే పెద్దమ్మ ఒక్కతే "ఏమ్మాయ్" అనేది. మేం ఈ ఊరొచ్చిన రోజే స్టీలు గిన్నెలో గోంగూర పచ్చడి తెచ్చింది. గిన్నె ఖాళీగా ఇస్తే ఏం బావుంటుందని నేను సేమ్యా పాయసం పోసి పంపా. అంతే, చచ్చానన్నమాట! సాయంత్రానికి అదే గిన్నెలో చేగోడీలు వచ్చాయి. నేను వడలు పంపితే ఆమె వంకాయలు పంపింది. పన్నెండేళ్ళు ఆ గిన్నె ఏ ఇంట్లోనూ రెండు రోజులు కుదురుగా కూర్చోలేదు. "మీ ఇద్దరిలో ఒక్కరైనా ఊరికే పుచ్చుకోవడం నేర్చుకోండే" అని మావారు విసుక్కునేవారు.

ఒక ఆదివారం ఆయన అదే ప్రసంగం చేశారు. మనిషి దేవుడి ముందు నీతిమంతుడయ్యేది తన క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్లేననీ, అది ఉచితమనీ చెబుతున్నారు. పెద్దమ్మ లేచి నిలబడింది. మా చర్చి ఊడ్చేది ఆమే కాబట్టి ప్రసంగం మధ్యలో లేచినా ఎవరూ కూర్చోమనరు.

"ఉచితమా? మరి ఇన్నేళ్ళూ నేనీ చాపలు దులిపిందెందుకయ్యా?"

"దానివల్ల పరలోకం రాదు పెద్దమ్మా."

"ఆ తాగుబోతు సచ్చినోడు, మా మరిది, పోయేముందు నమ్మానంటే వాడూ వస్తాడా?"

"మనసారా నమ్మితే వస్తాడు."

"నా పక్కన కూర్చుంటాడా?"

"కూర్చుంటాడు."

"అయితే రేపట్నుంచి మీరే ఊడ్చుకోండి!"

అన్నంత పనీ చేసింది. మూడు వారాలు చీపురు ముట్టలేదు. అసలే మిరపకాయల కాలం. కల్లాల నుంచి జనం కాళ్ళకీ బట్టలకీ అంటించుకొచ్చిన గింజలూ ఘాటూ చాపల నిండా పేరుకున్నాయి. మావారు పొడి చీపురుతో ఊడ్చి దాన్నంతా గాల్లోకి లేపారు. ఆ పూట పాటలో ఒక చరణం మొత్తం తుమ్ములే. నాలుగో ఆదివారం పెద్దమ్మ వచ్చి, నీళ్ళు చిలకరించి, చర్చంతా శుభ్రంగా ఊడ్చింది.

"పరలోకం కోసం కాదులే. పసిపిల్లలు దగ్గుతుంటే చూళ్ళేక వచ్చా" అంది.

మావారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "అదే పెద్దమ్మా! నేను చెప్పేదీ అదే!"

"ఏదో ఒకటి. ముందు పక్కకి జరగండి, మీ కాళ్ళ కింద దుమ్ముంది."

నోటితో అలా అన్నా, లోపల ఆ ఉచితమన్న మాట ఆమెకి మింగుడు పడలేదు. మా వసారాలో కూర్చుని మిరపకాయల్లో తెల్లబారిన తాలుకాయలు ఏరి పారేస్తూ ఒకరోజు అడిగింది. "పైన కూడా ఇట్టా ఏరతారనుకున్నానమ్మాయ్. మీ ఆయనేమో దేవుడి చేతిలో పడితే తాలు కూడా ఎర్రకాయే అంటాడు. నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా."

"గుంటూరు కమిషన్ కొట్టువాళ్ళకి మాత్రం చెప్పమాకు" అని మళ్ళీ ఏరుకుంది.

పోయినేడు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "చీపురు పట్టలేను, పిడికెడు పచ్చడి నూరలేను. దేవుడి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళేదమ్మాయ్? చేతులూపుకుంటా వెళ్దామన్నా ఒక చెయ్యి ఊగదు." నవ్వాలో ఏడవాలో తెలియక నేనూ ఏడ్చాను. పాస్టరు భార్యనై ఉండీ నాకు చేతనైంది జావ కాచి ఇవ్వడమే.

రోజూ ఆ గిన్నెలోనే జావ తీసుకెళ్ళేదాన్ని. మంచంలో ఉండి కూడా కోడలి చేత రెండు టమాటాలో, కరివేపాకు రెబ్బో వేయించందే గిన్నె తిరిగి ఇవ్వనిచ్చేది కాదు. మావారు ఒకసారి అడిగారు. "మా ఆవిడ జావ ఎందుకు తెస్తోంది పెద్దమ్మా? నువ్వు టమాటాలిస్తావనా?"

"కాదు. దానికి నేనంటే ఇష్టం."

"మరి ప్రభువుకో?"

పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

పోయేముందు రోజు, సోమవారం, జావంతా తాగింది. కోడలు గిన్నె కడిగి, అందులో వేయడానికి ఏముందా అని వెతుకుతోంది.

"ఏం పెట్టమాకే. ఖాళీగానే ఇచ్చెయ్" అంది పెద్దమ్మ.

కోడలు నిర్ఘాంతపోయింది. నేను మంచం దగ్గరికెళ్ళి, "భయం పోయిందా పెద్దమ్మా?" అన్నాను.

"నువ్వే ఏమీ అనుకోనప్పుడు ఆయనేం అనుకుంటాడే పిచ్చిమొహమా" అంది.

ఖాళీ గిన్నె పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడి, ఏడుపు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. లోపల్నుంచి కేక వినిపించింది. "ఏమ్మాయ్! రేపు ఉప్పు కాస్త తగ్గించు!"

ఆ గిన్నె ఇప్పుడు మా వంటింటి గూట్లో ఉంది. నిన్న గారెలు వేస్తుంటే చెయ్యి అలవాటుగా దాని మీదికే పోయింది. రెండు గారెలు వేసి, గోడ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాను. ఊరికే పుచ్చుకోవడం ఆమె నేర్చుకునే పోయింది, నాకే ఇంకా రాలేదు. గారెలు తీసేసి, గిన్నె కడిగి, ఖాళీగానే గూట్లో పెట్టాను.