ఐదు పిన్నీసులు

ఇరాక్ సైన్యం కువైట్‌ను పట్టుకున్నాక, జాబ్రియాలో నేను వంట చేసే ఇంటివాళ్ళు నాకు చెప్పకుండానే వెళ్ళిపోయారు. ఊరివాళ్ళున్నారని జహ్రా వెళ్ళే అద్దె బస్సెక్కాను. పక్క సీటాయన తన నీలం చొక్కా గుండీలను ఒక్కొక్కటే పళ్ళతో కొరికి కిటికీలోంచి పారేస్తున్నాడు. ఇత్తడి గుండీలు, వాటి మీద సిటీ బస్సుల ముద్ర.

నేను తెలుగులో దేవుణ్ణి మొక్కుకోవడం విన్నట్టున్నాడు.

“మనోళ్ళేనాండీ? సిటీ బస్సు డ్రైవర్నండి. ఈ గుండీలు చూశారంటే వాళ్ళ లారీలు తోలడానికి పట్టుకుపోతారండి. మా డిపోలో ఇద్దర్ని అలాగే తీసుకుపోయారు,” అన్నాడు.

“గుండీల్లేని చొక్కా జూస్తే మాత్రం ఊరకుంటారాన్నా?” అంటూ నా గాజులకున్న ఐదు పిన్నీసులూ తీశాను. ఆయన ఒకటి పెట్టుకోబోయి వేలికి గుచ్చుకున్నాడు. బయటికి కనపడకుండా లోపలి వైపు నుంచి నేనే పెట్టాను.

అంతలో బస్సు ఆపారు. ఆఖరి గుండీ ఆయన చేతిలోంచి జారి కింద పడింది. దాని మీద కాలు వేశాను. తుపాకీతో ఎక్కిన సైనికుడు ఆయన్ని చూపించి, ఎవరని నన్నడిగాడు.

“అఖూయా,” అన్నాను. మా అన్న అని.

అతను ఆ చొక్కానూ నా ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. చెప్పు కింద గుండీ కదిలి చప్పుడౌతుందేమోనని కాలు ఇంకా గట్టిగా అదిమాను. చివరికి “యల్లా” అని, పోనీయమని డ్రైవరుకు చెయ్యూపి దిగిపోయాడు.

జహ్రాలో దిగేటప్పుడు ఆయన పిన్నీసులు తీయబోయాడు. “ఉండనీ అన్నా,” అన్నాను. పేరు అడగలేదు.

ఇప్పటికీ ప్రయాణమంటే గాజులకు ఐదు పిన్నీసులు ఎక్కువ తగిలించుకుంటాను. అన్ని ఎందుకని కోడలు అడుగుతుంది. చీరకని చెబుతాను.